అమెరికా పల్లె కౌంటీల్లో మగవాళ్ల క్యాన్సర్ మరణాలు: తప్పు పొగాకుదా, దూరానిదా?

కొండల్లో డాక్టర్:

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక మిత్రుడు ఇలా రాశాడు: "అమెరికా పల్లెల్లో మగవాళ్లు క్యాన్సర్‌తో ఎక్కువగా పోతున్నారంటే కారణం వాళ్ల జేబులో ఉన్న సిగరెట్ పెట్టె. అక్కడ ఆసుపత్రులు కట్టి ఏం లాభం?" చాలామంది ఔనన్నారు. నేను ఒప్పుకోలేను, అందుకే ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నేను జె-1 వీసా వేవర్ మీద తూర్పు కెంటకీకి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. (వేవర్ సంగతి తెలియనివాళ్లకు: ఇక్కడ రెసిడెన్సీ చేసిన విదేశీ డాక్టరు రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న నిబంధన తప్పించుకోవాలంటే, డాక్టర్ల కొరత ఉన్న చోట మూడేళ్లు పనిచేయాలి. ఏటా రాష్ట్రానికి 30 మందికి ఇస్తారు. మన డాక్టర్లలో చాలామంది అమెరికా పల్లెల్ని చూసింది ఈ దారిలోనే.)

అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2017లో ఇచ్చిన నివేదిక చూడండి. (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది.) ఆడా మగా కలిపి, కొత్తగా క్యాన్సర్ బయటపడే రేటు పల్లె కౌంటీల్లో లక్షకు 442, నగర కౌంటీల్లో 457. పల్లెల్లోనే కాస్త తక్కువ. మరణాల దగ్గరికొచ్చేసరికి తిరగబడింది: పల్లెల్లో 180, నగరాల్లో 158. వయసు తేడాలు సరిచేశాక వచ్చిన అంకెలివి కాబట్టి "పల్లెల్లో ముసలివాళ్లు ఎక్కువ కదా" అనడానికి లేదు. పైగా నగరాల్లో మరణాల రేటు ఏటా 1.6 శాతం తగ్గుతుంటే పల్లెల్లో 1 శాతమే తగ్గింది.

జబ్బు తక్కువమందికి వస్తోంది, ఎక్కువమందిని తీసుకుపోతోంది. దీన్ని ఒక్క పొగాకు ఎలా వివరిస్తుంది? ఆలస్యంగా కనుక్కోవడం, చికిత్సకు దూరం, ఇన్సూరెన్సు లేకపోవడం. నా దృష్టిలో పెద్ద వాటా వీటిదే, పైగా ఇవి మన చేతుల్లో ఉన్నవి.

నల్లరేగడి:

డాక్టరు గారూ, మీ మనసు అర్థమైంది కానీ మీ మొదటి వాదన నిలబడదు. నేను నార్త్ కరోలినాలో ప్రజారోగ్య విభాగంలో పనిచేస్తున్నాను.

"మొత్తం క్యాన్సర్లు" అనే అంకెలో రకరకాలవి కలిసిపోయాయి. మగవాళ్లలో ఎక్కువగా బయటపడేది ప్రోస్టేట్ క్యాన్సర్. పీఎస్ఏ రక్తపరీక్ష ఎక్కడ ఎక్కువ చేస్తే అక్కడ ఎక్కువ కేసులు దొరుకుతాయి. వాటిలో చాలావాటితో మనిషి ఎన్నేళ్లయినా బతుకుతాడు, చివరికి వేరే కారణంతో పోతాడు. నగరాల్లో పరీక్షలు ఎక్కువ కాబట్టి అక్కడ కేసుల అంకె ఉబ్బుతుంది, మరణాల అంకె ఉబ్బదు. మీరు చూపిన వైరుధ్యంలో కొంత భాగం అక్కడే పోయింది. ఒక్క ఊపిరితిత్తుల క్యాన్సర్‌నే తీసుకుంటే పల్లెల్లో కేసులూ ఎక్కువే, మరణాలూ ఎక్కువే. అమెరికాలో మగవాళ్లను క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా చంపేది అదే.

ఇంకొకటి. 1950లలో ఈ తేడా సరిగ్గా తలకిందులుగా ఉండేది. అప్పుడు క్యాన్సర్‌తో ఎక్కువగా పోయింది నగరాల మగవాళ్లే. ఫ్యాక్టరీ సిగరెట్ ముందు పట్టుకున్నది వాళ్లు, ముందు మానేసిందీ వాళ్లే. పొగ మొదలుపెట్టాక జబ్బు బయటపడటానికి ఇరవై ముప్పై ఏళ్లు పడుతుంది. మొత్తం దేశంలో మగవాళ్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 1990 ప్రాంతంలో శిఖరానికి చేరి తగ్గుముఖం పట్టాయి. పల్లెలు ఆలస్యంగా ఎక్కాయి, ఆలస్యంగా దిగుతున్నాయి. 1950లలో పల్లెలకు రేడియేషన్ యంత్రాలు దగ్గరగా ఉన్నాయా? లేవు కదా. మరి అప్పుడు తక్కువ ఎందుకున్నాయి?

మీ కెంటకీలోనే చూడండి. 2005 దాకా సిగరెట్ పెట్టె మీద రాష్ట్ర పన్ను మూడు సెంట్లు. ఆ ఏడాది 30 సెంట్లు చేశారు, 2018లో డాలరు పది సెంట్లకు పెంచారు. న్యూయార్క్‌లో 2010 నాటికే నాలుగు డాలర్ల 35 సెంట్లు. ఒక తరం మగవాళ్లకు పొగ అలవాటు చేసింది ఆ చౌక ధరలే.

మాది ఒంగోలు దగ్గర వర్జీనియా పొగాకు పండించిన కుటుంబం. పొగాకు ఆరబెట్టే బ్యారన్ పక్కనే పెరిగాను. పొగాకు మీద ఆధారపడ్డ ఊళ్లలో దానికి వ్యతిరేకంగా మాట ఎత్తడం ఎంత కష్టమో నాకు తెలుసు. పొగాకు పండించే కెంటకీలో కూడా అదే జరిగింది.

గోదారి గణాంకాలు:

ఇద్దరూ ఒక్క నిమిషం ఆగండి. కౌంటీల అంకెలను అంత తేలిగ్గా నమ్మకండి.

2014కు వేసిన కౌంటీల అంచనాల్లో క్యాన్సర్ మరణాల రేటు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఫ్లోరిడాలోని యూనియన్ కౌంటీ, లక్షకు 503. అన్నిటికంటే తక్కువ కొలరాడోలోని సమిట్ కౌంటీ, దాదాపు 71. ఏడు రెట్ల తేడా! యూనియన్ కౌంటీ జనాభా పదిహేను వేల చిల్లర. అక్కడ లేక్ బట్లర్‌లో జైళ్ల శాఖ వైద్య కేంద్రం ఉంది. రాష్ట్రం నలుమూలల నుంచి జబ్బుపడిన మగ ఖైదీలను అక్కడికి తెస్తారు. ఆ మరణాలు చిన్న కౌంటీ లెక్కలో పడితే రేటు ఆకాశాన్ని అంటక ఏమవుతుంది? ఇక సమిట్ కౌంటీ కూడా నగరమేం కాదు, కొండల్లో స్కీయింగ్ ఊళ్లున్న చోటు. డబ్బూ చదువూ ఉన్నవాళ్లు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఏరికోరి వచ్చి ఉంటారు.

స్టాటిస్టిక్స్ క్లాసుల్లో ఒక పాత ఉదాహరణ చెబుతారు. 1980-89 మధ్య తెల్లజాతి మగవాళ్ల మూత్రపిండాల క్యాన్సర్ మరణాలు మ్యాప్ మీద వేస్తే, అత్యధిక రేట్లున్న కౌంటీలు ఎక్కువగా జనం పలచగా ఉన్న పల్లె కౌంటీలు. అత్యల్ప రేట్లున్నవీ అవే! జనాభా కొద్దిగా ఉన్నచోట ఒకటి రెండు మరణాలు అటూ ఇటూ అయితే రేటు ఎగిరిపడుతుంది. అందుకే సీడీసీ తన డేటాలో పది కన్నా తక్కువ మరణాలుంటే అంకె చూపించదు, ఇరవై కన్నా తక్కువుంటే రేటు నమ్మదగినది కాదని గుర్తుపెడుతుంది.

మూడోది వలస. చదువుకున్న పిల్లలు నగరాలకు పోతారు. పనిచేయలేనివాళ్లు, జబ్బుపడి సొంతూరు చేరినవాళ్లు పల్లెలో మిగులుతారు. జనాభా పెరిగి బాగుపడిన పల్లె కౌంటీని జనగణన తర్వాత మెట్రో జాబితాలో కలుపుతారు. "పల్లె" అనే గంపలో మిగిలేవి ఎదగని కౌంటీలే. గంపలో ఉన్నవే మారిపోతున్నప్పుడు గంప బరువు పెరిగిందని పొగాకునో దూరాన్నో నిందించడం ఎంతవరకు న్యాయం?

కొండల్లో డాక్టర్:

గోదారి గారూ, యూనియన్ కౌంటీ ఉదాహరణ బాగుంది. ఒక్కో కౌంటీ ర్యాంకు చూసి భయపడకూడదన్నది నిజమే. కానీ నేను చూపిన 180, 158 అంకెలు వందలాది కౌంటీలను కలిపి తీసినవి. అంత పెద్ద సంఖ్యల దగ్గర ఆ ఎగిరిపాటు ఉండదు. వలస మాట ఒప్పుకుంటాను, కానీ వలస వల్ల చికిత్స అందడం ఎందుకు తగ్గాలి?

నల్లరేగడి గారు ప్రోస్టేట్ గురించి చెప్పింది సరైన మాటే. అయినా నన్ను మీతో పూర్తిగా ఏకీభవించనివ్వని ఒక అధ్యయనం ఉంది, 2018లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. స్వాగ్ అనే క్యాన్సర్ పరిశోధన బృందం 1986 నుంచి 2012 దాకా నడిపిన 44 ట్రయల్స్‌లో (చికిత్సలను రోగుల మీద పరీక్షించి చూసే అధ్యయనాల్లో) చేరిన దాదాపు 37 వేల మందిని చూశారు. వాళ్లలో ఇంచుమించు ఐదో వంతు పల్లెవాళ్లు. ఒకే రకం క్యాన్సర్, ఒకే చికిత్స, ఒకే పర్యవేక్షణ దొరికినప్పుడు పల్లెవాళ్లూ నగరంవాళ్లూ దాదాపు సమానంగా బతికారు. ఒక్క రకం రొమ్ము క్యాన్సర్‌లో తప్ప తేడా కనపడలేదు. పల్లె మనిషి ఒంట్లోనే ఏదో లోపం ఉందని, అతని అలవాట్లే అతన్ని ముంచాయని అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

దూరం అంటే కాగితం మీద మైళ్లు అనుకోకండి. ఇక్కడి హజార్డ్ ఊరి నుంచి పెద్దాసుపత్రులున్న లెక్సింగ్టన్ నగరానికి కారులో దాదాపు రెండు గంటలు. రేడియేషన్ అంటే చాలాసార్లు వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు. గంటల లెక్కన కూలి తీసుకునే మనిషి రోజూ నాలుగు గంటలు రోడ్డు మీద ఉండి ఉద్యోగం ఎలా నిలుపుకుంటాడు? నా దగ్గరికొచ్చే బొగ్గుగని కార్మికులు కొందరు దగ్గుతూ నెలలు గడుపుతారు. "గని దగ్గే" అనుకుంటారు. ఈ కొండల్లో నేలలోంచి ఇళ్లలోకి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు చేరడం కూడా ఉంది. పొగతాగేవాడికి రేడాన్ తోడైతే ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది. నెల ఆలస్యం, రెండు నెలల ఆలస్యం అంటే సర్జరీతో పోయే గడ్డ సర్జరీకి లొంగనిదవుతుంది. నన్ను బాధపెట్టేది అదే.

నల్లరేగడి:

ట్రయల్‌లో చేరిన పల్లె మనిషి మామూలు పల్లె మనిషి కాడు కదండీ. ట్రయల్ ఉన్న ఆసుపత్రి దాకా వెళ్లగలిగినవాడు, గుండె ఊపిరితిత్తులు ఒక స్థాయిలో ఉండి అర్హత దొరికినవాడు. వాళ్లను చూసి మిగతావాళ్ల గురించి చెప్పకూడదు.

కొండల్లో డాక్టర్:

వెళ్లగలిగినవాడు సమానంగా బతికాడనే నేనూ అంటున్నాను. వెళ్లలేనివాణ్ణి వెళ్లేలా చేయాలన్నదే నా వాదన.

డెల్టా నర్సు:

అందరికీ నమస్తే. నేను మిసిసిపీ డెల్టాలో పనిచేస్తాను. ఇంతసేపు చదివాను, ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు. మీరు మాట్లాడే పల్లె మగవాడు తెల్లవాడే అయినట్టుంది. ఇక్కడ నా పేషెంట్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లు. దేశం మొత్తం మీద ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయే రేటు నల్లజాతి మగవాళ్లలో తెల్లవాళ్ల కంటే దాదాపు రెట్టింపు. అందుకే నల్లరేగడి అక్కా, "పీఎస్ఏ వల్ల కేసులు ఉబ్బాయి" అనే మాట మా దగ్గర జాగ్రత్తగా వాడాలి. ప్రభుత్వ నిపుణుల సంఘం 2012లో ఆ పరీక్ష ఎవరికీ వద్దంది, 2018లో 55 నుంచి 69 ఏళ్లవాళ్లు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలంది. మాట్లాడటానికి డాక్టరే లేని చోట ఆ సలహా ఎవరికి ఉపయోగం?

మా రాష్ట్రం మెడికెయిడ్‌ను (పేదలకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్సును) విస్తరించలేదు. యాభై ఏళ్ల మగవాడు, పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వికలాంగుడు కాడు, చిన్న ఉద్యోగం. అతనికి ఇన్సూరెన్సు దొరికే దారి ఇరుకు. మూత్రంలో రక్తం పడితే ఆడవాళ్లు ఎవరికో ఒకరికి చెబుతారు. మగవాళ్లు 65 వచ్చి వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్సు మెడికేర్ మొదలయ్యేదాకా ఓర్చుకుంటారు. ఇలా ఓర్చుకున్నవాళ్లను నా కళ్లతో చూశాను. 2010 తర్వాత దేశంలో వందకు పైగా పల్లె ఆసుపత్రులు మూతపడ్డాయి. మూతపడిన ఆసుపత్రితో పాటు స్కాన్ యంత్రమూ పోతుంది.

కొత్త చిగురు:

హైదరాబాద్ నుంచి. మన దేశంలో క్యాన్సర్ రేటు నగరాల్లోనే ఎక్కువ, పల్లెల్లో తక్కువ అంటారు. మరి అమెరికాలో పల్లెలు ఎందుకిలా?

గోదారి గణాంకాలు:

తమ్ముడూ, మన దగ్గర పల్లె రిజిస్ట్రీలు చాలా తక్కువ. నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 2020లో నాలుగో వంతు కూడా లేవు. మన ఊళ్లో "ముసలితనంతో పోయాడు" అని రాసిన మనిషి ఏ జబ్బుతో పోయాడో ఎవరికి తెలుసు? ఆ పోలిక పెట్టుకుంటే దారి తప్పుతాం.

నల్లరేగడి:

డెల్టా చెల్లీ, నువ్వు చెప్పినదానితో వాదం లేదు. కానీ డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మిగిలే ఉంది. తక్కువ మోతాదు సీటీ స్కాన్‌తో ఊపిరితిత్తుల స్క్రీనింగ్ తీసుకోండి. 2011లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో అది ఆ క్యాన్సర్ మరణాలను 20 శాతం తగ్గించింది. మంచిదే. 2021లో అర్హతను కూడా సడలించారు: 50 నుంచి 80 ఏళ్ల వయసు, రోజుకో పెట్టె చొప్పున ఇరవై ఏళ్లు తాగినంత చరిత్ర ఉండి, ఇంకా తాగుతున్నా, మానేసి పదిహేనేళ్లు దాటకపోయినా చాలు. కానీ మిగతా 80 శాతం మాటేమిటి? సిగరెట్ ముట్టని కుర్రాడికి ఆ స్కానే అక్కర్లేదు. పన్ను, మాన్పించే మందులు, హైస్కూలు పిల్లల దగ్గర పని. వీటి ఫలితం ఇరవై ఏళ్ల తర్వాత వస్తుంది కాబట్టి ఏ నాయకుడికీ ఓపిక ఉండదు. నా పోరాటం దానికోసం.

కొండల్లో డాక్టర్:

ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే ఫలితం కోసం మీరు పోరాడండి, నేను మీ వెంట సంతకం పెడతాను. ఈ ఏడాది నా ముందు కూర్చునే అరవై ఏళ్ల మనిషికి మాత్రం ఆ పన్ను ఇప్పుడు పనికిరాదు.

మా రాష్ట్రంలోనే ఒక రుజువు ఉంది. పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్‌లో 1999లో కెంటకీది 49వ స్థానం. అర్హుల్లో మూడో వంతు మందికే పరీక్షలు జరిగేవి. రాష్ట్రం, యూనివర్సిటీలు, జిల్లాస్థాయి కార్యకర్తలు కలిసి పనిచేశాక 2008కల్లా అది దాదాపు మూడింట రెండు వంతులకు పెరిగింది. ఆ తర్వాత కేసులూ తగ్గాయి, మరణాలూ తగ్గాయి. పొగతాగే అలవాటు అప్పటికీ దేశంలో అగ్రస్థానాల్లోనే ఉంది. అంటే అలవాటు మారేదాకా ఆగకుండానే మనుషుల్ని కాపాడొచ్చు.

గోదారి గణాంకాలు:

ఆ మరణాలు దేశమంతటా తగ్గుతున్న కాలమది డాక్టరు గారూ. మొత్తం ఘనత కెంటకీ కార్యక్రమానిదే అనలేం.

కొండల్లో డాక్టర్:

మొత్తం ఇవ్వకండి. పరీక్షలు చేయించుకున్నవాళ్ల సంఖ్య పెరగడం మాత్రం దానంతటదే జరగలేదు. మలంలో రక్తం కనుక్కునే కిట్ ఇంటికి పోస్టులో వస్తుంది, తిరిగి పోస్టులో పంపొచ్చు. 45 నుంచి 75 ఏళ్ల మధ్య ఉండి, మామూలు కంటే ఎక్కువ ముప్పు లేని మగవాళ్లకు ఇది పనికొస్తుంది, రెండు గంటలు కారు నడపాల్సిన పని లేదు. డెల్టా నర్సు గారూ, మీ కౌంటీలో ఈ కిట్లు పంపుతున్నారా? పాజిటివ్ వచ్చిన మనిషికి కొలనోస్కోపీ (పెద్దపేగును కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) ఎక్కడ చేయిస్తున్నారు, దారి ఖర్చులు ఎవరిస్తున్నారు? ఇక్కడ మేము చర్చిల ద్వారా కార్లు ఏర్పాటు చేస్తున్నాం. మీ దగ్గర ఎలా నడుస్తోందో రాయండి.