అప్‌డేట్: నడుమ రంగు తేడాగా ఉన్న ఆ క్యాసినో చిప్ గురించి

లాస్ వేగస్‌లో ఎన్నడో మూతబడిన ఒక క్యాసినో (జూదశాల) వారి మట్టి చిప్ (జూదంలో డబ్బుకు బదులు వాడే బిళ్ల) మధ్యలో రంగు కొంచెం తేడాగా ఉందని, అది మరమ్మతు చేసినదేమోనని నేను ఇదివరకు అడిగాను. మీరు సూచించినట్లే దానిని అనంతపురం పాతూరులో మాకు తెలిసిన ఆచారి గారి అంగడికి తీసుకువెళ్లి, ఆయన రాళ్లు చూసే భూతద్దంతోనూ, దొంగనోట్లను పట్టే అతినీలలోహిత దీపం కిందా పరిశీలించాము. పగటి వెలుతురులో దాదాపు ఒకే తీరుగా కనిపించిన చిప్ ముఖం మీద, దీపం వెలగగానే నడుమ గుండ్రని భాగమొక్కటే తెల్లగా మెరిసింది; మిగిలినదంతా మసకగానే ఉండిపోయింది.

వాడుక నుంచి తీసేసిన చిప్‌లకు రంధ్రం వేసి రద్దు చేయడం క్యాసినోలలో ఉన్న పద్ధతే. ఈ చిప్‌కు అలా వేసిన రంధ్రాన్ని ఎవరో పూడ్చి, రంగు కలిపి, దానిమీద బంగారు రంగు అక్షరాలను మళ్లీ అద్దారు. అద్దిన అక్షరాలు పాతవాటంత లోతుగా దిగలేదు. అంచున ఉన్న రంగు పట్టీలు మాత్రం అసలువే. మరమ్మతును నేను తప్పుపట్టను, దానిని దాచిపెట్టి అమ్మడమే తప్పు. ఫొటోలు పంపిన తరువాత అమ్మినవారు ధరలో తేడాను తిరిగి ఇచ్చారు.

పూడికను తీయిస్తే చుట్టూ ఉన్న మట్టి పెళ్లలు ఊడవచ్చు కనుక దానిని అలాగే ఉంచి, కవరు మీద “రంధ్రం పూడ్చినది, అక్షరాలు తిరిగి అద్దినవి” అని రాసి పెట్టాను.