బాలమురళి గారిది ఎన్నియాగ్రామ్‌లో ఏ టైపు? నాలుగా, ఏడా?

గోదారి_గాలి:
ఈమధ్య నాకు ఎన్నియాగ్రామ్ (మనుషుల స్వభావాల్ని తొమ్మిది టైపులుగా విడదీసే పద్ధతి) పిచ్చి పట్టుకుంది. ఇంట్లో వాళ్ళందరికీ నంబర్లు ఇచ్చేశాక ఇక సంగీతం వాళ్ళ మీద పడ్డాను, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి దగ్గర బండి ఆగింది. నా లెక్కలో ఆయన నాలుగు, అంటే 'నేను అందరిలాంటివాణ్ణి కాను' అన్నదే ప్రాణంగా ఉండే టైపు. పసికందుగా ఉండగానే తల్లి పోయారు (వీణ వాయించేవారట), నాలుగో టైపు వాళ్ళకి ఏదో పోగొట్టుకున్న వెలితి ఉంటుందంటారు కదా. పైగా పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి లాంటి గురువు దగ్గర, త్యాగరాజ శిష్యపరంపరలో నేర్చుకుని కూడా, ఉన్న రాగాలు చాలవన్నట్టు లవంగి, మహతి, సర్వశ్రీ అంటూ సొంతంగా చేసుకున్నారు. ఇది నాలుగు కాకపోతే ఇంకేంటి? ఎవరైనా కాదంటే కారణం చెప్పండి, ఊరికే 'ఏడు' అనేసి వెళ్ళిపోకండి.

తాళం_తప్పినవాడు:
ఏడే, అంటే ఎప్పుడూ కొత్త సరదాల వెంట పరిగెత్తే టైపు. కారణం కూడా చెప్తాను. తల్లి పోవడం ఆయన జీవితంలో జరిగిన సంగతి, అది టైపు కాదు. అలా చూస్తే చిన్నప్పుడు తల్లి పోయినవాళ్ళందరూ నాలుగే అవ్వాలి. ఎన్నియాగ్రామ్‌లో అడగాల్సింది మనిషి ఏం చేశాడని కాదు, ఎందుకు చేశాడని.

లవంగి తీసుకోండి. స రి మ ద, నాలుగే స్వరాలు. మహతిలోనూ నాలుగే, అందులో మళ్ళీ మధ్యమం లేదు, పంచమం ఉంది. సర్వశ్రీ దగ్గరికొచ్చేసరికి స మ ప, మూడుతో సరిపెట్టేశారు. కొత్త బొమ్మ చేతికి రాగానే ఒక్కో మర ఊడదీసి ఇంకా తిరుగుతోందా లేదా అని చూసే పిల్లాడి సరదా ఇది, 'నా బాధ ఎవరికీ అర్థం కాదు' అనేవాడి పని కాదు. కదనకుతూహలంలో ఆయన తిల్లానా వినండి, వెలితి ఎక్కడుందో చూపించండి. గాత్రం చాలక వయొలా, మృదంగం, కంజీర కూడా పట్టుకున్నారు, 1967లో 'భక్త ప్రహ్లాద'లో నారదుడి వేషం కట్టారు, కన్నడ 'హంసగీతె'లో పాడి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు, తర్వాత 'మధ్వాచార్య'కి సంగీతం చేసి ఇంకోటి. ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషేనా?

బెజవాడ_రసికుడు:
ఇద్దరూ ఒక ముఖ్యమైన సంగతి వదిలేశారు. ఎన్టీఆర్ ప్రభుత్వం అకాడమీలు రద్దు చేసినప్పుడు ఈయన ఆంధ్రలో పాడనని భీష్మించుకున్నారు. సొంత గడ్డ, సొంత శ్రోతలు, అయినా పాడనంటే పాడనన్నారు. ఏడో టైపు వాళ్ళు నచ్చనిది కనబడితే పక్కకి తప్పుకుని ఇంకో సరదా వెతుక్కుంటారు గానీ ముఖ్యమంత్రితో ఢీకొని ఏళ్ళ తరబడి అలా కూర్చోరు. వీణ ఎస్. బాలచందర్ గారు ఈ కొత్త రాగాల మీద అంత గొడవ చేసినప్పుడు కూడా వెనక్కి తగ్గింది లేదు. 'నా మీద ఎవరి పెత్తనమూ చెల్లదు' అనేది ఎనిమిది. తెర మీద నారదుడు, బయట దూర్వాసుడు అన్నమాట :)

తాళం_తప్పినవాడు:
ఎనిమిది ఉంది, కాదనను, కానీ వింగ్‌గా, అంటే అసలు టైపు మీద పడే పక్క నంబర్ ఛాయగా. ఏడుకి ఎనిమిది వింగ్ ఉంటే సరదా మనిషే, తన దారికి అడ్డొస్తే మాత్రం ఊరుకోడు. రెండూ సరిపోతాయి కదా?

శ్రుతిపెట్టె:
మీరంతా కచేరీలూ గొడవలే చూస్తున్నారు. కుర్రతనంలోనే 72 మేళకర్తలన్నింటిలోనూ (కర్ణాటక సంగీతంలో మూల రాగాలు) కృతులు రాశారు. మంచి రాగాలు ఓ పది ఏరుకుని రాయడం వేరు, ఒకదానికొకటి పొసగని స్వరాలుండే వివాది మేళాలతో సహా ఒక్కటీ వదలకుండా పూర్తి చేయడం వేరు. మామూలు ఏడు అయితే ఇరవయ్యో మేళం దగ్గరే విసుగొచ్చి వదిలేసేవాడు. ఏడు బాగా ఎదిగితే ఐదు వైపు వెళ్తుంది, ఒక్కదాన్నే పట్టుకుని అడుగు దాకా తవ్వుతుంది అంటారు కదా, అది ఇక్కడే కనిపిస్తుంది నాకు. రేడియోలో భక్తిరంజని కోసం చేసిన పని కూడా అలాంటిదే, సరదా మనిషి చేసేది కాదు. అందుకని ఏడుకే నా ఓటు, కానీ తాళం గారు చెప్పిన బొమ్మలు ఊడదీసే ఏడు కాదు. ఎనిమిది వింగ్ సంగతి నాకు తెలీదు, అలిగిన ప్రతి విద్వాంసుడూ ఎనిమిది అయితే మన సంగీతంలో వేరే నంబర్లు మిగలవు.

గోదారి_గాలి:
ఆ 72 మాటకి నేను కొంచెం మెత్తబడ్డాను. కానీ ఆనందభైరవిలో 'పలుకే బంగారమాయెనా' ఆయన గొంతులో విని కూడా ఈ మనిషిలో వెలితి లేదంటారా?

బెజవాడ_రసికుడు:
ఆ వెలితి రామదాసుది అండీ, జైల్లో ఉన్నది ఆయన. మీ లెక్కన చూస్తే ఆ పాట పాడినవాళ్ళందరికీ నాలుగు ఇవ్వాలి. ముందు భద్రాచలం గోపన్నకి నంబర్ వేయండి, తర్వాత వీరి సంగతి చూద్దాం.