3.1 శాతం అన్నారు, వారం తిరక్కుండానే ముప్పు లేదన్నారు. ఏది నమ్మాలి?

ప్రశ్న:
2024 వైఆర్4 అనే గ్రహశకలం వార్తలు మీకూ గుర్తుండే ఉంటాయి. 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొట్టే అవకాశం ఒక శాతం దాటిందని 2025 జనవరి చివర్లో చెప్పారు. ఫిబ్రవరి 18కి అది 3.1 అయింది. మా పాప ఎనిమిదో తరగతి. "అప్పటికి నేను డిగ్రీలో ఉంటాను కదా నాన్నా, మరి ఏమవుతుంది?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. 24వ తేదీకల్లా 0.004 శాతమే అన్నారు. పెరుగుతూ పెరుగుతూ వచ్చింది ఉన్నట్టుండి ఎలా పడిపోయింది? ముందు లెక్క తప్పా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు 1:
లెక్క తప్పు కాదండీ. రెండూ సరైనవే.

టెలిస్కోపు ఫొటోల్లో గ్రహశకలాల స్థానం కొలవడం నాకు ఎప్పటినుంచో ఉన్న ఆసక్తి. కొన్ని నిమిషాల తేడాతో తీసిన ఫొటోలు వెంటవెంటనే తిప్పి చూస్తే నక్షత్రాలన్నీ ఉన్నచోటే ఉంటాయి, ఒక్క చుక్క మాత్రం జరుగుతుంది. దాని అంచులు మసగ్గా అలుక్కుపోయి ఉంటాయి. సరిగ్గా మధ్య ఎక్కడో గుర్తించడంలో వెంట్రుకవాసి తేడా ఉండి తీరుతుంది. ఏడెనిమిదేళ్లు ముందుకి లెక్కకడితే ఆ తేడాయే లక్షల కిలోమీటర్లవుతుంది.

అందుకే 2032లో అది ఫలానా చోట ఉంటుందని చెప్పరు. సన్నటి, పొడవాటి పట్టీ ఒకటి గీసి, ఇందులో ఎక్కడైనా ఉండొచ్చంటారు. ఆ పట్టీలో భూమి కూడా పడింది. కొత్త కొలతలు వచ్చేకొద్దీ పట్టీ కురచ అవుతుంది, భూమి మాత్రం అంతే ఉంటుంది. కాబట్టి పట్టీలో భూమి వాటా పెరుగుతూ పోతుంది: ఒకటి, రెండు, మూడు శాతం. చివరికి పట్టీ కొస భూమిని దాటి అవతలికి జరిగిందంటే అవకాశం ఒక్కసారిగా కూలుతుంది. 18న 3.1, 19న 1.5, 20న 0.28. తగలని రాయి విషయంలోనూ శాతం ఇలా పెరిగాకే పడిపోవచ్చు. వార్తల్లో ఈ ఒక్క ముక్క రాసి ఉంటే మీ పాపకి అంత టెన్షన్ ఉండేది కాదు.

జవాబు 2:
బాగా చెప్పారు. కానీ ఇలా పెరిగి తగ్గుతుందని తెలిసినప్పుడు ఆ అంకె బయటపెట్టడం దేనికి? తేలాక చెప్పొచ్చుగా. దీని మీద వచ్చిన భయపెట్టే వీడియోలు చూసి మా అమ్మకి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

జవాబు 1:
అమ్మగారి సంగతి విని బాధేసింది. అయినా దాచిపెట్టడానికి నేను ఒప్పుకోను. చిలీలోని అట్లాస్ టెలిస్కోపు దాన్ని కనిపెట్టింది 2024 డిసెంబరు 27న. అప్పటికే అది భూమికి అతి దగ్గరగా వచ్చి రెండు రోజులైంది. ఇక దూరమవుతూ, రోజురోజుకీ మసకబారుతూ వెళ్లింది. ఏప్రిల్ దాటితే భూమ్మీది టెలిస్కోపులకి మళ్లీ 2028 దాకా దొరకదు. ఉన్న కాస్త టైములో పెద్ద టెలిస్కోపుల్ని అటు తిప్పాలంటే ఎందుకు తిప్పాలో అందరికీ తెలియాలి కదా!

2004లో అపోఫిస్ అనే ఇంకో గ్రహశకలం విషయంలోనూ ఇదే జరిగింది. 2029లో అది భూమిని ఢీకొట్టే అవకాశం డిసెంబరు 27న 2.7 శాతం దాకా వెళ్లింది. అదే ఏడాది మార్చిలో తీసిన పాత ఫొటోల్లో ఆ రాయి దొరికాక 2029 ముప్పు తొలగిపోయింది. అంకె దాచి ఉంటే ఆ పాత ఫొటోలు ఎవరు వెతికేవారు?

నా కోపమంతా హెడ్డింగుల మీదే. 3.1 శాతమంటే దాదాపు 97 శాతం తగలదని. అది సుమారు 60 మీటర్ల రాయి. నగరం మీద పడితే ఆ నగరానికి ఘోరమే, కానీ భూమి అంతమైపోదు. "ప్రళయం" అని రాసినవాళ్లు ఈ రెండూ చెప్పలేదు.

జవాబు 3:
ఇంకోమాట. ఇలాంటి వార్త వస్తే టొరినో స్కేలు కూడా చూడండి, ముప్పు ఎంతో చెప్పే కొలమానం అది, 0 నుంచి 10 దాకా ఉంటుంది. వైఆర్4 మూడు దాకా, అపోఫిస్ నాలుగు దాకా వెళ్లి రెండూ సున్నాకి దిగాయి. భూమిని ఢీకొట్టే అవకాశం ఉన్న గ్రహశకలాల జాబితా, నాసా వాళ్ల సెంట్రీ పట్టిక, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు.

జవాబు 1:
అవును, అది చూడటం అలవాటు చేసుకోవాలి. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ భూమికి దాదాపు 32 వేల కిలోమీటర్ల ఎత్తులో వెళ్తుంది. టీవీ ప్రసారాల ఉపగ్రహాల కంటే దగ్గరగా అన్నమాట. భయపెట్టే వీడియోలు మళ్లీ వస్తాయి. కనీసం వందేళ్లపాటు దానివల్ల ముప్పు లేదని 2021లో రాడార్ కొలతలతో తేల్చారు. అమ్మగారికి ఇప్పుడే చెప్పి ఉంచండి.