నర్సింగ్ వదిలేశా, ఆరోగ్యం మీద రాసే పనిలోకి ఎలా రావాలి?

మిర్యాలగూడ అమ్మాయి:
బీఎస్సీ నర్సింగ్ చేసి నాలుగేళ్లు ఆసుపత్రిలో పనిచేశాను, బాబు పుట్టాక మానేశాను. ఇప్పుడు ఆసుపత్రులకు, ల్యాబులకు తెలుగులో రాసిపెట్టే పని ఫ్రీలాన్స్‌గా చేద్దామనుకుంటున్నా. చూపించడానికి ఒక్క శాంపిల్ కూడా లేదు, టెన్షన్‌గా ఉంది.

నల్గొండ తమ్ముడు:
అక్కా, ఎవరో పని ఇచ్చేదాకా ఆగకండి. మన జిల్లా ఫ్లోరైడ్ సంగతే తీసుకోండి. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. పళ్ల మీద మచ్చలు ఎందుకొస్తాయి, నీళ్లు కాచినా ఫ్లోరైడ్ ఎందుకు పోదు, ఇవన్నీ ఊళ్లో పెద్దమ్మకు చెప్పినట్టు 300 మాటల్లో రాయండి. అదే మీ మొదటి శాంపిల్.

పాలమూరు రాతగాడు:
ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి. "మా మందుతో షుగర్ పూర్తిగా నయం" అని రాయమంటే ఒప్పుకోవద్దు. షుగర్, క్యాన్సర్, బీపీ లాంటివి నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. నన్నూ ఒకరు అడిగారు, డబ్బు అవసరమున్నా వదులుకున్నాను, ఎందుకంటే అది నమ్మి ఎవరో ఇన్సులిన్ మానేస్తారు. ఇంకోటి, ఏ పనికైనా సగం డబ్బు ముందే తీసుకోండి.

మిర్యాలగూడ అమ్మాయి:
ఇన్సులిన్ ఆపేసి వచ్చినవాళ్లను వార్డులో చూశాను, అలాంటివి రాయను. రేటు మాటకు ఇంత అని చెప్పాలా?

పాలమూరు రాతగాడు:
వద్దు, వ్యాసానికి ఇంత అని చెప్పండి. చదవడానికి, డాక్టరుతో సరిచూపించడానికే ఎక్కువ టైం పోతుంది.