నాన్న ఫోటో పక్కన బాలు గారి ఫోటో పెట్టడం తప్పా?

పల్నాటి గాలి:
మా నాన్న 2020 సెప్టెంబర్ 21న కరోనాతో పోయారు. నాలుగు రోజులకు, 25న, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పోయారు. అప్పుడు నేను మస్కట్‌లో ఉన్నాను. ఈసారి తద్దినానికి నరసరావుపేట వెళ్లినప్పుడు, హాల్లో నాన్న ఫోటో పక్కన మేకు కొట్టి బాలు గారి ఫోటో పెట్టాను. ఇద్దరికీ దండలు వేశాను. తద్దినం భోజనానికి పిలిచిన భోక్తలు వచ్చేలోపే అన్నయ్య ఆ ఫోటో తీసి బీరువా మీద బోర్లా పెట్టాడు. ఒక్క మాట మాట్లాడలేదు.

నాకు చిన్నప్పుడు నత్తి. నాన్న ఆర్టీసీ కండక్టరు. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచి, డ్యూటీ దిగి రాగానే సంచి గోడకు తగిలించి నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. బాలు గారు పిల్లల చేత 'ళ', 'ణ' ఓపికగా పలికించేవారు కదా. మర్నాడు నాన్న నన్ను డిపోకు తీసుకువెళ్లి బస్సు బోర్డులు చదివించేవారు. మాచర్ల, చిలకలూరిపేట, పిడుగురాళ్ల. ఆ 'రాళ్ల' దగ్గర నాలుక మడత పడేది. ఆయన వేలితో గాలిలో అక్షరం రాసి చూపించేవారు. చిల్లర లెక్కపెట్టి లెక్కపెట్టి ఆ వేలి కొస నల్లగా ఉండేది. ఈ రోజు నలుగురిలో నిలబడి మాట్లాడుతున్నానంటే ఆ ఇద్దరి చలవే. నేను చేసింది తప్పా?

కృష్ణాతీరం:
తప్పేమీ లేదు. మా ఇంట్లో ఘంటసాల గారి ఫోటో పూజగదిలోనే ఉంటుంది.

వేదగిరి:
తప్పే. తద్దినం సంస్మరణ సభ కాదు. తండ్రి, తాత, ముత్తాత, ఈ ముగ్గురినీ వసు, రుద్ర, ఆదిత్య రూపాలుగా పిలిచి అన్నం పెట్టే రోజు. నాలుగో మనిషికి అక్కడ విస్తరి లేదు. ఇంకో మాట. 2020 సెప్టెంబర్ 18 నుంచి అధిక ఆశ్వయుజం, అంటే ఆ ఏడు అదనంగా వచ్చిన నెల. మీ నాన్నగారూ బాలు గారూ ఇద్దరూ అధిక మాసంలోనే పోయారు. అలాంటివారికి తర్వాతి ఏళ్లలో నిజ ఆశ్వయుజంలో, అంటే మామూలు ఆశ్వయుజంలో, ఎవరి తిథికి వారికి చేయాలి. ఇద్దరి తిథులూ వేరు. నాన్నగారి తిథి నాడు బాలు గారికి దండ ఏ లెక్కన వేశారు?

పల్నాటి గాలి:
నేను పిండం పెట్టలేదండీ, పూలదండ వేశాను. దండకు కూడా తిథి చూడాలా?

పాత రేడియో:
వేదగిరి గారూ, శాస్త్రం అంత ఇరుకైనది కాదు. మహాలయ పక్షంలో గురువుకు, ఆచార్యుడికి, స్నేహితుడికి కూడా పేరు పెట్టి తర్పణం వదులుతాం. కారుణ్య పితరులు అనే మాట ఊరికే పుట్టలేదు. ఆ మాటకు వస్తే, బాలు గారు తన రికార్డింగ్ థియేటర్‌కు ఎవరి పేరు పెట్టుకున్నారు? హరికథలు చెప్పిన తండ్రి సాంబమూర్తి గారి పేరు కాదు. 1966లో తొలి పాట పాడించిన కోదండపాణి గారి పేరు. తనకు దారి చూపిన మనిషిని కలకాలం పేరుతో పిలుచుకున్నారు. ఈయన చేసింది కూడా అదే కదా.

వేదగిరి:
మహాలయం వేరు, ఏటా తిథికి పెట్టే ప్రత్యాబ్దికం వేరు. కలపకండి. థియేటర్ వేరు, ఇల్లు వేరు. ఇంటి సంగతి వచ్చినప్పుడు బాలు గారు ఏం చేశారు? నెల్లూరులోని పూర్వీకుల ఇంటిని వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చారు. ఎక్కడ ఎవరికి ఏమి చెల్లుతుందో ఆయనకు తెలుసు. నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. ఆ రోజు బాలు గారి తిథి కాదు.

గోదారి పిల్ల:
తిథి వదిలేయండి బాబూ. ఆయన అడిగింది వేరు.

వేదగిరి:
వదలను. అడిగినవారే తద్దినం రోజున అన్నారు.

పల్నాటి గాలి:
మీకు పంచాంగం తప్ప మనిషి కనబడడా? మీ ఇంట్లో ఎవరూ పోలేదా?

వేదగిరి:
పోయారు. 1996 జనవరి 18న ఎన్టీ రామారావు గారు పోయారు. లాల్ బహదూర్ స్టేడియంలో కడసారి చూపు కోసం మా అన్న రాత్రికి రాత్రి హైదరాబాద్ బస్సు ఎక్కాడు. అప్పటికి మా అమ్మ వారం రోజులుగా ఆసుపత్రి మంచం మీద ఉంది. 'పెద్దోడు వచ్చాడా' అని రెండు రోజులు అడిగింది, మూడో రోజు అడగలేదు. వాడు గుండు చేయించుకుని వచ్చాడు, అమ్మ కోసం కాదు. నేను అభిమానులను తప్పు పట్టను. రామారావు గారంటే నాకూ గౌరవమే. కానీ కన్నవాళ్ల చోటులో ఇంకొకరిని తెచ్చి కూర్చోబెడితే నాకు ఆ ఆసుపత్రి వరండానే గుర్తుకు వస్తుంది.

పల్నాటి గాలి:
మీ అన్నకు బస్సు దొరికింది. నాకు విమానం దొరకలేదు. తేడా అది.

నాన్న పోయిన కబురు ఫోనులో విన్నాను. ఏడుపు రాలేదు. మర్నాడు పనికి కూడా వెళ్లాను. 26న తామరైపాక్కంలో బాలు గారి అంత్యక్రియలు టీవీలో చూపిస్తున్నారు. పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చారు. మట్టి వేస్తున్నారు. అప్పుడు వచ్చింది ఏడుపు. గదిలో ఉన్నవాళ్లు బాలు గారి కోసం అనుకున్నారు. నేను మా నాన్నను సాగనంపింది ఆ రోజే, ఆ టీవీ ముందే. మరి ఆ ఫోటో ఎక్కడ పెట్టమంటారు? నాన్న గొంతు నా దగ్గర ఒక్క రికార్డింగ్ కూడా లేదు. బాలు గారి పాట వింటేనే పక్కన ఆయన కూర్చున్నట్టు ఉంటుంది.

కృష్ణాతీరం:
చదువుతుంటే కళ్లు తడిశాయి.

శ్రీవల్లి:
అందరూ బాలు గారి గురించీ తిథుల గురించీ మాట్లాడారు. ఇంట్లో ఉన్న మనిషి గురించి ఎవరూ అడగలేదు. నేనూ తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోయిన బిడ్డనే, అందుకే అడుగుతున్నాను. ఆసుపత్రికి తీసుకువెళ్లింది ఎవరు? కాగితాల మీద సంతకం పెట్టింది ఎవరు? మేకు కొట్టే ముందు మీ అన్నయ్యను ఒక్క మాట అడిగారా? ఏడాదికి ఒకసారి వచ్చేవాళ్లు గోడ మీద ఏముండాలో చెబుతుంటే, రోజూ ఆ గోడను చూసేవాళ్లకు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పల్నాటి గాలి:
అడగలేదు.

వేదగిరి:
శ్రీవల్లి గారు అడిగిందే నేనూ అడగవలసింది. తిథి పట్టుకుని కూర్చున్నాను. తిథి మాట మాత్రం తప్పు కాదు.

పల్నాటి గాలి:
ఇప్పుడే అమ్మకు ఫోన్ చేశాను. ఇన్నేళ్లలో నాకు చెప్పని సంగతి చెప్పింది. నాన్నను మూటకట్టి నేరుగా శ్మశానానికి తీసుకువెళ్లారు. అన్నయ్య ముఖం చూపించమని అడిగితే కుదరదన్నారు. మోయడానికి నలుగురు లేరు. చుట్టాలు రాలేదు, ఇరుగుపొరుగు తలుపు తీయలేదు. ఆ తర్వాత నాలుగు రోజులకు ఊరు ఊరంతా బాలు గారి కోసం ఏడుస్తుంటే, ఏ ఇంట్లో విన్నా ఆయన పాటే వస్తుంటే, అన్నయ్య లేచి టీవీ తీగ పీకేశాడట. 'మా నాన్నకు నలుగురు దొరకలేదే' అన్నాడట. ఆ రోజు నుంచి మా ఇంట్లో బాలు గారి పాట పెట్టలేదట.

నేను కొట్టిన మేకు మాత్రం పీకలేదని అమ్మ చెప్పింది. ఎందుకని నేను అడగలేదు.