క్యాటలాగ్‌లో 19 డెసిబెల్స్ అన్నారు, రాత్రయితే గోడ గుయ్యిమంటోంది. స్ప్లిట్ ఏసీ శబ్దం గురించి తెలిసినవాళ్లు చెప్పండి

మెలకువ_మనిషి:
అందరికీ నమస్కారం. బెడ్‌రూమ్‌లో కొత్తగా ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ పెట్టించాం, చలికాలంలో వేడిగాలి కూడా ఇచ్చే రకం. నాకు చీమ చిటుక్కుమన్నా మెలకువ వచ్చేస్తుంది, అందుకే కొనేముందు మిగతావన్నీ వదిలేసి శబ్దం ఒక్కటే చూశాను. ఇండోర్ యూనిట్ 19 డెసిబెల్స్ అని రాసుంది. పగలు అసలు ఉందో లేదో కూడా తెలీదు. రాత్రి తల దిండు మీద పెట్టగానే మాత్రం సన్నగా గుయ్యిమని ఒక శబ్దం, కాసేపు ఉంటుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. లేచి యూనిట్ కింద నిలబడితే గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. అవుట్‌డోర్ యూనిట్ మంచం తలవైపు గోడకే, బయట బ్రాకెట్ మీద ఉంది. ఫోన్‌లో యాప్ పెట్టి కొలిస్తే శబ్దం ఉన్నప్పుడూ లేనప్పుడూ దాదాపు ఒకే అంకె. బిగించినతను "ఇన్వర్టర్ అంటే అంతే సార్" అని తేల్చేశాడు. ఇవి కాక లోపలి యూనిట్‌లోంచి అప్పుడప్పుడు గుడగుడ, ఒక్కోసారి టక్‌మని చప్పుడు. వీటిలో ఏది మామూలు, దేనికి కంగారుపడాలి?

అంకెల_పిచ్చి:
ముందు ఆ 19 సంగతి. అది ఫ్యాన్ అన్నిటికన్నా తక్కువ స్పీడులో ఉన్నప్పుడు, వేరే చప్పుడేమీ లేని టెస్ట్ గదిలో, కొంత దూరం నుంచి కొలిచిన అంకె. అదే యూనిట్ ఫుల్ స్పీడులో 40 దాకా పోవచ్చు, అది క్యాటలాగ్‌లోనే కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంకో తిరకాసు ఏంటంటే సౌండ్ పవర్ వేరు, సౌండ్ ప్రెజర్ వేరు. పవర్ అంటే యూనిట్ మొత్తంగా బయటికి వదిలే శబ్దం, ప్రెజర్ అంటే అందులో ఫలానా దూరంలో చెవికి చేరేది. యూరప్‌లో ఏసీల మీద అంటించే ఎనర్జీ లేబుల్‌లో లోపలి, బయటి యూనిట్లు రెండింటికీ పవర్ అంకె వేస్తారు, కంపెనీ ప్రకటనల్లో మాత్రం ఎక్కువగా ప్రెజర్ అంకె కనిపిస్తుంది, ఎందుకంటే అది చిన్నది. బయలు ప్రదేశంలో నేల మీద పెట్టిన యూనిట్‌కి మీటరు దూరంలో ఈ రెండింటి మధ్య సుమారు 8 డెసిబెల్స్ తేడా. కాబట్టి ఒక కంపెనీ పవర్‌ని ఇంకో కంపెనీ ప్రెజర్‌తో పోల్చి చూసుకుని సంతోషపడొద్దు.

అయినా మీ బాధకి ఆ అంకెకీ సంబంధం లేదు. ఈ కొలతలన్నీ డెసిబెల్ 'ఏ' లెక్కలో ఉంటాయి, అందులో లోగొంతు శబ్దాలకి భారీగా కోత. 100 హెర్ట్జ్ (శ్రుతి కొలత, ఈ అంకె తగ్గేకొద్దీ శబ్దం లోతు) దగ్గర కోత 19 డెసిబెల్స్, 50 హెర్ట్జ్ దగ్గర 30. చెవి లోతు శబ్దాలకి మందంగా ఉంటుంది కాబట్టి ఆ కోత పెట్టారు, కానీ నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఒకే శ్రుతిలో సాగే మోత అంకెలో కనపడకుండానే నిద్ర చెడగొడుతుంది. ఫోన్ యాప్ ఇంత తక్కువ శబ్దాల దగ్గర అసలు పనికిరాదు, దాన్ని వదిలేయండి.

పానా_చేతిలో:
ఏసీలు బిగించే పనిలోనే ఉంటాను, ఇది రోజూ వినే కంప్లెయింటే. ఒక పని చేయండి అన్నా. మోత వస్తున్నప్పుడు రిమోట్‌లో ఫ్యాన్ మోడ్‌కి మార్చండి. కంప్రెసర్ ఆగుతుంది. దాంతోపాటు మోత కూడా పోతే లోపలి యూనిట్ తప్పేం లేదు, బయటి కంప్రెసర్ కంపనం బ్రాకెట్లోంచి గోడలోకి దిగుతోంది. వీణకి బుర్ర ఎలాగో దానికి మీ గోడ అలాగ. వస్తూ పోతూ ఉండటానికి కారణం, ఇన్వర్టర్ కంప్రెసర్ స్పీడు మారుతుంటుంది, ఏదో ఒక స్పీడు దగ్గర బ్రాకెట్టో గోడో కలిసి ఊగుతుంది.

చూడాల్సింది యూనిట్ కాళ్ల కింద రబ్బర్ ప్యాడ్లు ఉన్నాయా అని. ఉన్నా బోల్టు బిగించి బిగించి రబ్బర్ నలిగిపోయేలా చేస్తారు, అప్పుడు ఉన్నా లేనట్టే. ఎవరూ పట్టించుకోనిది ఇంకోటుంది, గోడకి కొట్టిన రంధ్రంలో రాగి పైపు అంచుకి ఆనుకుని ఉండటం. బ్రాకెట్ ఎంత బాగా పెట్టినా ఆ ఒక్క చోటు చాలు మోత లోపలికి రావడానికి. అక్కడ మెత్తటి ఫోమ్ చుట్టాలి. మీరు మాత్రం కిటికీలోంచి వంగి యూనిట్ పట్టుకుని చూడకండి.

టక్‌మనేది ప్లాస్టిక్ బాడీ వేడికీ చలికీ సాగి ముడుచుకోవడం, మామూలే. గుడగుడ కంప్రెసర్ ఆగాక కాసేపు వస్తే లోపల గ్యాస్ సర్దుకోవడం. అలా కాకుండా వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడల్లా వస్తే, ఇంట్లోకి గాలి వచ్చే దారి లేక డ్రెయిన్ పైపులోంచి లాగుతోందని అర్థం, అది నీళ్లలో బుడగల చప్పుడు. కిటికీ కొంచెం తీసి చూడండి, ఆగితే అదే. డ్రెయిన్‌కి గాలి వెనక్కి రాకుండా చిన్న వాల్వ్ పెడితే సరి. చలికాలంలో బయటి ఫ్యాన్ ఆగి బుస్సుమంటే భయపడకండి, బయటి కాయిల్ మీద మంచు కరిగించుకుంటోంది. లోపల్నుంచి దడదడ ఒకే లయలో వస్తే మాత్రం బ్లోయర్ (లోపలి ఫ్యాన్) మీద దుమ్ము పేరుకుని బ్యాలెన్స్ తప్పినట్టు, అప్పుడు కడిగించాలి.

పక్కింటి_గోడ:
బయటి యూనిట్ చప్పుడు పక్కవాళ్లకి కూడా ఉంటుందని గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది. రెండు గోడలు కలిసే మూలలో పెడితే గోడ మీంచి తిరిగొచ్చిన శబ్దం కూడా కలుస్తుంది. ఎదురుగా ఖాళీ ఉంటే దూరం రెట్టింపైన కొద్దీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంచేత కొంచెం జరిపినా తేడా తెలుస్తుంది. పడకగదిలో ఆగకుండా వచ్చే శబ్దం 30 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. ఇంకోటి, చప్పుడు వస్తోందని దాని చుట్టూ పెట్టె కట్టే మహానుభావులున్నారు. వదిలిన గాలే మళ్లీ లోపలికి పోతుంది, కంప్రెసర్ ఇంకా కష్టపడుతుంది, చప్పుడు పెరుగుతుంది, కరెంటు బిల్లు కూడా.

మెలకువ_మనిషి:
ఫ్యాన్ మోడ్‌లో మోత పూర్తిగా పోయింది. కిటికీ తీస్తే గుడగుడ కూడా ఆగింది! సెట్టింగ్స్‌లో బయటి యూనిట్‌కి నైట్ మోడ్ అని ఒకటుంది, అది పెట్టుకుని సర్దుకుపోవచ్చా?

పానా_చేతిలో:
పెట్టి చూడండి, డబ్బులేం పోవు. అది కంప్రెసర్ స్పీడుకి పైన హద్దు పెడుతుంది, బాగా చలిగా ఉన్న రాత్రి గది సరిగ్గా వేడెక్కకపోవచ్చు. పైగా మీ గోడ మోగే స్పీడు ఆ హద్దుకి కిందే ఉంటే ఏ తేడా ఉండదు. చోటుంటే బ్రాకెట్ మీంచి దించి నేల మీద స్టాండ్‌లో పెట్టించండి, సగం గొడవ అక్కడే పోతుంది. కాకపోతే పైపు పొడవు మారుతుంది కాబట్టి బిగించినతను వ్యాక్యూమ్ పంపు పెట్టి లైను ఖాళీ చేసి, పొడవుకి తగ్గట్టు గ్యాస్ తూకం వేసి ఎక్కించాలి. గ్యాస్ వదిలి లైన్లో గాలి తీసేస్తానంటే ఒప్పుకోకండి.