అమ్మానాన్నలతో రోమ్‌లో నాలుగు రోజులు, సలహా కావాలి

అలిపిరి_మెట్లు:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. అక్టోబర్‌లో అమ్మానాన్నలను రోమ్ తీసుకెళ్తున్నాను, వీసాలు వచ్చేశాయి. నాన్న ఇప్పటికీ నడిచే కొండెక్కుతారు, అమ్మకు మాత్రం మోకాళ్ల నొప్పులు, పైగా గుడ్డు కూడా ముట్టదు. కొలోసియం, వాటికన్, ఫ్లోరెన్స్, పోంపేయి అన్నీ నాలుగు రోజుల్లో సర్దేశాను కానీ ఇప్పుడు చూస్తుంటే నాకే టెన్షన్‌గా ఉంది. ఏవి తీసేయాలి? వాటికన్‌లో క్యూ నిజంగానే అంత ఉంటుందా?

చిత్తూరు_మామిడి:
ఫ్లోరెన్స్, పోంపేయి రెండూ రోమ్‌కు దూరంగా ఉన్న వేరే ఊళ్లు, తీసెయ్ తమ్ముడూ, ఆలోచించకు. రోమ్‌లో పాత వీధులన్నీ నల్లరాళ్లు పరిచినవి, ఎగుడుదిగుడుగా ఉంటాయి, మేం వెళ్లినప్పుడు రెండో రోజు సాయంత్రానికే మా అత్తమ్మ అడుగు వేయలేక కూర్చుండిపోయింది, మూడో రోజంతా రూమ్‌లోనే.

వాటికన్ మ్యూజియానికి మన మూడు వందల దర్శనం టికెట్ లాగే ముందే ఆన్‌లైన్‌లో టైమ్ బుక్ చేసుకో. సిస్టీన్ చాపెల్ అందులోనే ఉంది, మైకెలాంజిలో 1508 నుంచి 1512 దాకా వేసిన పైకప్పు బొమ్మలు అక్కడివే, ఫొటోలు తీయనివ్వరు. సెయింట్ పీటర్స్ చర్చికి దారి వేరు, లోపలికి ఉచితమే కానీ సెక్యూరిటీ క్యూ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. గోపురం ఎక్కడానికి 551 మెట్లు, లిఫ్ట్ తీసుకున్నా ఇంకా 320 మిగులుతాయి, నాన్నగారిని పంపి అమ్మగారిని కింద కూర్చోబెట్టు. కొలోసియం టికెట్ మీద పేర్లు ఉంటాయి, పాస్‌పోర్టులు మర్చిపోవద్దు.

పీలేరు_అక్క:
తిండి సంగతి ఎవరూ చెప్పలేదే! ఫెట్టుచినీ లాంటి తాజా పాస్తాలో సాధారణంగా గుడ్డు కలుపుతారు బాబూ, ఎండు స్పగెట్టీలో కలపరు, ఆర్డర్ ఇచ్చే ముందు ఒకసారి అడగండి. పార్మెసాన్, పెకోరినో చీజ్‌లు దూడ లేదా గొర్రెపిల్ల కడుపులోంచి తీసిన పదార్థంతో పాలు విరిచి చేస్తారు, అమ్మగారికి పట్టింపు ఉంటే ‘సెంజా ఫోర్మాజ్జో’ అనండి, చీజ్ వద్దని అర్థం. మారినారా పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, నూనె, కాస్త ఒరెగానో అంతే, మా అమ్మ దాని మీద మన కారప్పొడి చల్లుకుని తినేది.

నీళ్లు కొనకండి. వీధుల్లో ఇనుప కుళాయిలు ఉంటాయి, నీళ్లు ఆగకుండా పారుతుంటాయి, కింది గొట్టాన్ని వేలితో మూస్తే పైన చిన్న కన్నంలోంచి ధార పైకి చిమ్ముతుంది, వంగకుండా తాగొచ్చు.

అలిపిరి_మెట్లు:
చాలా థాంక్స్ అన్నా, అక్కా. ఫ్లోరెన్స్, పోంపేయి తీసేశాను. ఒక సాయంత్రం ఖాళీ దొరికింది, అమ్మ ఎక్కువ నడవకుండా చూసేది ఏదైనా ఉందా?

చిత్తూరు_మామిడి:
పాంథియాన్. సుమారు 1900 ఏళ్ల కిందటి గుడి, ఇప్పుడు చర్చి, టికెట్ ఉంటుంది. గోపురం 43 మీటర్ల వెడల్పు, కాంక్రీటే, లోపల ఇనుప కడ్డీ లేదు. నడినెత్తిన పెద్ద గుండ్రటి కంత వదిలేశారు. మేం వెళ్లిన రోజు వాన పడింది, ఆ కంతలోంచి నేరుగా లోపలికే కురిసి, పాలరాతి నేలలోని చిన్న రంధ్రాల్లోకి ఇంకిపోతుంటే అత్తమ్మ బల్ల మీద కూర్చుని అరగంట అలా చూస్తూనే ఉంది, లేవమన్నా లేవలేదు.